గామా కెమెరా పాఠాలు – 5: కౌంట్లు దాచే మసక

రోగి ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు వదిలే గామా కిరణాలను పట్టి బొమ్మ కట్టేది గామా కెమెరా. పట్టిన ఒక్కో కిరణం ఒక కౌంటు. పోయిన పాఠంలో ఫ్లడ్ (కెమెరా ముఖమంతా సమానంగా కిరణాలు పడేట్టు చేసి తీసే పరీక్ష బొమ్మ) తీయమన్నాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన బొమ్మల్లో చాలావాటి మీద ట్యూబుల (క్రిస్టల్‌లో పుట్టే వెలుగును కరెంటు సంకేతంగా మార్చే గొట్టాల) గుండ్రటి మచ్చలు తేలాయి. ట్యూబులు పాడయ్యాయని కంగారు పడకండి. కిరణాలిచ్చే కోబాల్ట్-57 షీటు పెట్టి, విండో (కెమెరా లెక్కలోకి తీసుకునే కిరణాల శక్తి హద్దులు) మాత్రం రోగులకు వాడే టెక్నీషియం దగ్గరే వదిలేశారు. టెక్నీషియం శక్తి 140కి 20 శాతం విండో అంటే 126 నుంచి 154 కేఈవీ (కిరణం శక్తి కొలత). కోబాల్ట్ పీకు (కౌంట్లు అన్నిటికన్నా ఎక్కువ పడే శక్తి) 122 దగ్గర ఉంటుంది. దాని కుడి వాలు ఒక్కటే లోపల పడింది. ఆ వాలు మీద ట్యూబు గెయిన్‌లో (సంకేతాన్ని పెంచే పాళ్లలో) పిసరంత తేడా ఉన్నా మచ్చ కడుతుంది. కెమెరాలో ఐసోటోపు సెట్టింగు కోబాల్ట్‌కు మార్చి, పీకును విండో నడుమకు తెచ్చి మళ్లీ తీయండి. కరెంటు పోయి వచ్చిన రోజు, ఏసీ ఆగిన రోజు పీకు చూడకుండా రోగిని పడుకోబెట్టొద్దు.

కొలిమేటర్ (కెమెరా ముందు బిగించే, నేరుగా వచ్చే కిరణాలనే లోపలికి వదిలే రంధ్రాల సీసం పలక) బిగించడం మీకొచ్చు, వదిలేస్తున్నా.

"కౌంట్లు సరిపడా ఉన్నాయి కదా, మసకెందుకు?" అని అడిగారు. అసలు ఉచ్చు అక్కడే ఉంది. బొప్పాయి కాడ కంటికి పెట్టుకుని గోడను చూడండి. దగ్గరగా ఉంటే చిన్న చుక్కే కనబడుతుంది, వెనక్కి జరిగితే పెద్ద వలయం. కొలిమేటర్ రంధ్రమూ అంతే. దూరం పెరిగితే ఒక్కో రంధ్రానికి అందే కిరణాలు తగ్గుతాయి, కానీ కిరణాలిచ్చే ఆ చోటును చూసే రంధ్రాలు అదే లెక్కన పెరుగుతాయి. అందుకే సమాంతర రంధ్రాల కొలిమేటర్‌తో మొత్తం కౌంట్లు దాదాపు మారవు. కౌంటర్ చూసి దూరం పట్టుకోలేరు.

దూరంతో మసక ఎంత పెరుగుతుందో లెక్క చూడండి. రంధ్రం వెడల్పు 1.5 మి.మీ., పొడవు 25 మి.మీ. అనుకుందాం. పొడవుకు దూరం కలిపి, పొడవుతో భాగించి, వెడల్పుతో హెచ్చించండి. 5 సెం.మీ. దగ్గర 4.5 మి.మీ., 10 దగ్గర 7.5, 20 దగ్గర 13.5. కిరణాన్ని వెలుగుగా మార్చే క్రిస్టల్ సొంత మసక 4 మి.మీ.ను వీటితో వర్గాలు కూడి వర్గమూలం తీస్తే మొత్తం మసక 6, 8.5, 14 మి.మీ. అవుతుంది. టైము పెంచితే బొమ్మలో గరుకు చుక్కలు తగ్గుతాయి, మసక తగ్గదు. ఫిల్టరుతో నునుపు చేస్తే ఇంకా చెడుతుంది.

ఉద్దానం కిడ్నీ రోగుల రీనోగ్రామ్ (కిడ్నీ పనితీరు చూసే స్కాన్) మీకు తప్పదు. కిడ్నీ ఒంట్లోనే ఐదారు సెం.మీ. లోతున ఉంటుంది. కింద డిటెక్టరుకూ బల్లకూ మధ్య ఇంకో 5 సెం.మీ. సందు వదిలితే 6 మి.మీ. మసక కాస్తా 8.5 దాటుతుంది. నేనైతే రెండు వేళ్ల సందుకు మించి ఒప్పుకోను. మందపాటి పరుపు తీసేయండి.

అభ్యాసం: రెండు సన్నటి కేపిల్లరీ గొట్టాల్లో టెక్నీషియం నింపి, 100 మి.మీ. ఎడంలో సమాంతరంగా పెట్టండి. కొలిమేటర్ ముఖం నుంచి 5, 10, 20 సెం.మీ. దగ్గర 512 మాట్రిక్స్‌లో (బొమ్మ వెడల్పుకు 512 పిక్సెళ్లు) తీయండి. శిఖరం పిక్సెల్‌లో 10,000 కౌంట్లు నిండేదాకా ఆగండి. ఆ ఎడంతో పిక్సెల్ కొలత రాబట్టి, ఒక్కో గొట్టం కౌంట్ల శిఖరానికి సగం ఎత్తులో ఉన్న వెడల్పు (అదే మసక కొలత) మి.మీ.లలో పంపండి. 128 మాట్రిక్స్‌లో తీసినవి చూడను. 540 మి.మీ. ఫీల్డుకు అక్కడ ఒక్క పిక్సెలే 4.2 మి.మీ.