పేట స్థాయిలో సర్వే అంకెలు వాడేముందు

అమెరికాలో ఒక పేటకు బస్సు రూటు ప్లాన్ చేయాలంటే చాలామంది అమెరికన్ కమ్యూనిటీ సర్వే పట్టిక తెరిచి, కనబడ్డ అంకెను ఎత్తి రిపోర్టులో పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, అది ఇంటింటి లెక్క కాదు, శాంపిల్ సర్వే. 5 ఏళ్ల సర్వే సమాధానాలు కలిపి వేసే అంచనాలే తీసుకోండి, ఏడాది అంచనాలు 65,000 జనాభా, అంతకు మించి ఉన్న చోట్లకే ఇస్తారు, సెన్సస్ ట్రాక్టుకు, అంటే జనగణన కోసం గీసిన పేటంత చిన్న ప్రాంతానికి, దొరకవు.

ఇక అంకె పక్కనుండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అంకె అటూ ఇటూ ఎంత తప్పవచ్చో చెప్పేది, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఒక ట్రాక్టులో కారు లేని ఇళ్లు 120, మార్జిన్ 80 అనుకుందాం. అంటే 90 శాతం నమ్మకంతో చెప్పినా అవి 40 కావచ్చు, 200 కావచ్చు, దీన్ని పట్టుకుని బస్సు ఎలా వేస్తాం? ఆసుపత్రికి వెళ్లే దారి లేని కుటుంబాల విషయం ఇది. అందుకే పక్క ట్రాక్టును కలపండి. అక్కడ 180 ఇళ్లు, మార్జిన్ 60 అయితే మొత్తం 300. మార్జిన్లను మాత్రం నేరుగా కూడకూడదు, ఒక్కోదాని వర్గం (స్క్వేర్) కట్టి, వాటిని కూడి వర్గమూలం తీస్తే సుమారు 100 వస్తుంది. 120కి 80 తేడా కంటే 300కి 100 తేడా చాలా మెరుగు.

పాతదానితో పోల్చాలంటే ఏళ్లు ఒకదానిపై ఒకటి పడకూడదు, 2014–2018ని 2019–2023తో పోల్చండి. 2020లో ట్రాక్టు హద్దులు మారాయేమో కూడా చూసుకోండి.