కొండదారిలోకి స్ట్రెచర్ బండి తీసుకెళ్లే ముందు

పెంచలకోన దగ్గర వెలిగొండ దారుల్లో ఎవరైనా పడితే అంబులెన్స్ అక్కడిదాకా రాదు, ఒంటి చక్రం స్ట్రెచరే గతి.

సిగ్నల్ పోకముందే 108కి ఫోన్ చేసి అంబులెన్స్ ఎక్కడ ఆగాలో చెప్పేయండి.

టైరులో గాలి, బ్రేకు, బెల్టులు చూసుకోండి, అదీ ఖాళీ స్ట్రెచర్ మీద కాదు, మీలోనే ఒకర్ని పడుకోబెట్టి నాలుగడుగులు తోస్తే ఏది వదులుగా ఉందో అప్పుడు బయటపడుతుంది.

ఆరుగురైనా ఉండాలి. చక్రం ఉందిగా, ఇద్దరం చాల్లే అంటారు, రాళ్లలో ఒరిగినప్పుడు చూడాలి వాళ్ల మొహాలు!

దిగేటప్పుడు పడుకున్న మనిషి కాళ్లు ముందుకి, స్ట్రెచర్‌కి వెనక కట్టిన తాడు పట్టడానికి వేరే మనిషి.

వెన్నెముకకి దెబ్బ తగిలిందనిపిస్తే మెడ కదలనివ్వద్దు. పాము కాటైతే గట్టిగా కట్టేయడం, కోయడం వద్దు, నడిపించొద్దు కూడా.

టార్చి, నీళ్లు, దుప్పటి వెంట ఉండాలి.