పాలు మాన్పించిన దూడకు దాణా మార్చేటప్పుడు

పాలు మాన్పించిన వారంలోనే దాణా కూడా మార్చేయకండి. పాలు పోయిన బెంగ ఒకటి, కొత్త రుచి ఇంకొకటి, రెండూ ఒకేసారి పడితే దూడ చిక్కిపోతుంది. పాత దాణానే ఇంకో రెండు వారాలు పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది. తర్వాత సగం సగం. అలా 10 రోజులకు పూర్తిగా కొత్తదానికి రావచ్చు. పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడాలి కదా, తొందరపడితే అవే దెబ్బతింటాయి.

రోజూ పొద్దున్నే తొట్టి కంటే ముందు పేడ చూడండి. పల్చగా, నురగతో, పుల్లటి వాసన వస్తుంటే కొత్త దాణా ఎక్కువైనట్టే, ఒక మెట్టు వెనక్కి రండి. ఎడమ డొక్క డప్పులా ఉబ్బితే మాత్రం ఆగకుండా డాక్టరును పిలవండి. తొట్టి అడుగున మిగిలిన తడిసిన దాణా పొడి తీసేయండి, బూజు వాసన వస్తే దూడ మూతి కూడా పెట్టదు. మంచి ఎండుగడ్డి, శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నీళ్లు తగ్గితే దాణా తినడమూ తగ్గుతుంది, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.