పైకప్పు సోలార్ – నాలుగో పాఠం: స్ట్రింగ్ వోల్టేజీ కొలవడం

పోయిన పాఠంలో ప్యానెళ్లను బిగించి క్లాంపులు వేశాం. ఈసారి వాటిని ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి (ఆ వరుసనే స్ట్రింగ్ అంటాం), ఇన్వర్టర్‌కు ఇచ్చే ముందు మీటరు పెట్టి చూద్దాం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మేస్త్రీల దగ్గర ఇంటి వైరింగ్ నేర్చుకున్నవాళ్లకు ఫేజు, న్యూట్రల్ కొట్టిన పిండి. అయితే వాళ్ల చేయి అలవాటుపడింది ఏసీకి. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ.

ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తీసినప్పుడు పుట్టే మెరుపు అక్కడే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టరును (ప్యానెల్ వైర్లను కలిపే ప్లగ్గును) లాగారంటే రెండు కొసల మధ్య ఆ మెరుపే, అంటే ఆర్క్, పుట్టి మండుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ కరుగుతుంది, చేతులు కాలతాయి. పైగా ఎండను ఆపే మెయిన్ స్విచ్ ఎక్కడా లేదు. అందుకే ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్లను ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్) ఆపండి. వైరు చుట్టూ పట్టించే క్లాంప్ మీటరుతో కరెంటు సున్నా అని చూసుకున్నాకే కనెక్టర్ ముట్టుకోండి. ఆ క్లాంపు డీసీ కొలిచేదే అయి ఉండాలి, మామూలు ఏసీ క్లాంపు కరెంటు పారుతున్నా సున్నా చూపిస్తుంది. జేబులోని నియాన్ టెస్టర్‌ను కూడా ఇక్కడ నమ్మొద్దు. అది వెలగలేదని వైరు పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక లెక్క. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్ర సబ్సిడీ 78,000 రూపాయలు. ఇళ్లవాళ్లు ఎక్కువగా అడిగేది అదే కాబట్టి 540 వాట్ల ప్యానెళ్లు 6 తీసుకుందాం. వెనక లేబుల్ మీద వీఓసీ, అంటే ఏమీ కలపనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజీ, 49.5 వోల్టులు అని ఉందనుకోండి. ఆరింటికి 297. మిట్టమధ్యాహ్నం మీటరు పెడితే ఆ అంకె రాదు, కంగారు పడకండి. లేబుల్ లెక్క 25 డిగ్రీలకు వేసింది. వేడి పెరిగితే వోల్టేజీ తగ్గుతుంది, డిగ్రీకి సుమారు 0.28 శాతం. ప్యానెల్ 60 డిగ్రీలకు కాగితే 268 దగ్గర చూపిస్తుంది. 223 వచ్చిందా, ఒక ప్యానెల్ స్ట్రింగ్‌లో కలవలేదు. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. సరిచేయకుండా ఇన్వర్టర్‌కు ఇవ్వొద్దు.

కోరాపుట్, సెమిలిగుడ కొండల మీద పనిచేసేవాళ్లు ఈ లెక్కను తిరగేసి చలికి కూడా వేయాలి. చలికి వోల్టేజీ పెరుగుతుంది. ఇన్వర్టర్ గరిష్ఠ డీసీ 550 వోల్టులు అనుకోండి. 11 ప్యానెళ్లకు లేబుల్ ప్రకారం 544.5, సరిపోయినట్టే కనిపిస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే అది 575 అవుతుంది, ఎండ తగలగానే ఇన్వర్టర్ పోతుంది. అక్కడ 10 దాటొద్దు. నా మటుకు నేను కాగితం మీద ఈ లెక్క చూడకుండా స్ట్రింగ్ కట్టనివ్వను.

మల్టీమీటరు, ప్రోబులు 1000 వోల్టుల డీసీకి తగినవి కొనండి. కనెక్టర్ జత రెండూ ఒకే కంపెనీవి వాడండి. వేర్వేరువి కలిపితే ఆ జాయింటే వేడెక్కుతుంది. సోలార్ పని నేర్పే ప్రభుత్వ సూర్యమిత్ర శిక్షణలో సీటు దొరికితే వదులుకోకండి, చదివినంత మాత్రాన చేతికి ఆ ప్రాక్టీసు రాదు.

అభ్యాసం: వీఓసీ 41 వోల్టులున్న 8 ప్యానెళ్లకు 25, 60, 5 డిగ్రీల దగ్గర ఎంత వస్తుందో రాయండి. వచ్చే పాఠం ఎర్తింగ్.