గుంటూరు, బెజవాడల్లో ఐపీ వేయడానికి న్యాయవాదిని ఎంచుకోవడం ఎలా

అప్పులు తీర్చే దారి మూసుకుపోయినప్పుడు మన ప్రాంతంలో మొదట వినిపించే మాట ‘ఐపీ పెట్టడం’, అంటే కోర్టులో దివాలా పిటిషన్ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) వేయడం. ఆ మాటకు అంటుకున్న మచ్చ వల్ల చాలామంది చివరిదాకా న్యాయవాది గడప తొక్కరు. ఈలోగా ఎవరో చెప్పారని ఇల్లు భార్య పేరున, పొలం బావమరిది పేరున రాసేస్తారు. అన్నిటికంటే పెద్ద నష్టం అక్కడే జరుగుతుంది. ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని, దివాలా ప్రకటన తర్వాత, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టంలోని 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయవచ్చు. ఆస్తిని దాచినట్లు తేలితే 69వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. అందుకే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లే ఆలోచన వచ్చినప్పుడే ముందు న్యాయవాదిని కలవండి.

ఎలాంటి న్యాయవాది కావాలన్నది అప్పు ఎవరి పేరున ఉందన్న దానిపై ఆధారపడుతుంది. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే వర్తిస్తుంది. మిర్చి యార్డులో సొంత పేరున కమీషన్ వ్యాపారం చేసేవారికి, ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడిపేవారికి పాత చట్టమే దిక్కు. వారు తాము నివసించే లేదా వ్యాపారం చేసే చోటి సివిల్ కోర్టులో, సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి ఎదుట, పిటిషన్ వేసుకోవాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వ్యవహారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచ్‌కు వెళ్తుంది. అక్కడ వాదించేవారి అనుభవం వేరు.

పేర్లు సేకరించడానికి ఈ-కోర్టుల వెబ్‌సైట్ బాగా ఉపయోగపడుతుంది. జిల్లాను, కోర్టును ఎంచుకుని ఐపీ రకం కేసులను వెతికితే వాటిని ఎవరు నడిపించారో, అవి ఎలా ముగిశాయో కనిపిస్తుంది. బార్ కౌన్సిల్ నిబంధనలు న్యాయవాదుల ప్రకటనలను నిషేధించాయి కాబట్టి, కోర్టు ఆవరణలో ఎదురొచ్చి ‘అప్పులన్నీ మాఫీ చేయిస్తాం’ అనే మధ్యవర్తిని నమ్మకండి.

మొదటి సమావేశానికి అప్పులవారి పేర్లు, చిరునామాలు, ఒక్కొక్కరికి బాకీ ఉన్న మొత్తం రాసిన జాబితా, ప్రోనోట్ల వివరాలు, బ్యాంకు నోటీసులు, కోర్టు సమన్లు, ఆస్తి పత్రాలు తీసుకెళ్లండి. బంధువు దగ్గర తెచ్చిన చేబదులును కూడా దాచవద్దు. మంచి న్యాయవాది ఫీజు మాట ఎత్తకముందే ‘గత రెండేళ్లలో ఏమేం అమ్మారు, ఎవరికి రాశారు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న అడగనివారికి మీ కేసు అప్పగించవద్దని నా గట్టి సలహా. తనఖా పెట్టిన ఇంటి సంగతి, చెక్ బౌన్స్ కేసుల సంగతి మీరే అడగండి. తనఖా ఉన్న బ్యాంకు హక్కు ఐపీ వల్ల పోదనీ, చెక్ కేసు దానంతట అది ఆగదనీ వారు దాచకుండా చెప్పాలి.

ఫీజు ఎంత, ఏ దశలో ఎంత చెల్లించాలి, కోర్టు ఖర్చులు అందులో కలిసి ఉన్నాయా అన్నవి కాగితంపై రాయించుకోండి. గెలిస్తే ఇంత అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు అనుమతించవు. ఫీజు భరించలేని స్థితి ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

వకాల్తాపై సంతకం చేశాక ఐపీ నంబరు మీ దగ్గర రాసి ఉంచుకోండి. కోర్టు దివాలా ప్రకటించేటప్పుడు, అప్పుల నుంచి విముక్తి కోసం దరఖాస్తు చేసుకోవడానికి ఒక గడువు పెడుతుంది. ఆ గడువు దాటితే ప్రకటనే రద్దయి అప్పులవారు మళ్లీ మీ మీదికి రావచ్చు. కాబట్టి ఉత్తర్వు వచ్చిన రోజే ఆ తేదీని న్యాయవాది చేత రాయించి తీసుకోండి.