పేజీ అందంగానే ఉంది, చదివేవారే లేరు

వెబ్ పేజీ మీద ఫిర్యాదు వచ్చిన రోజున రాసినవారు డిజైన్ బాగాలేదంటారు, డిజైన్ చేసినవారు రాత ఎక్కువైందంటారు. తప్పెక్కడుందో తేల్చకుండా మరమ్మతుకు దిగితే బాగున్న భాగమే పాడవుతుంది. అందుకే ముందు రెండు పరీక్షలు చేయండి.

ఫైర్‌ఫాక్స్‌ బ్రౌజర్ వ్యూ మెనూలో ‘పేజ్ స్టైల్’ కింద ‘నో స్టైల్’ ఎంచుకుంటే అలంకరణంతా ఊడిపోయి రాత మిగులుతుంది. పైనుంచి కిందికి చదవండి. విషయం బోధపడకపోతే తప్పు రాతది. బోధపడితే మామూలు రూపానికి తిరిగి వచ్చి, కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు మసకబారినా ఏది ముఖ్యమో, ఎక్కడ నొక్కాలో తెలియాలి. తెలియకపోతే తప్పు డిజైన్‌ది. రెండు పరీక్షల్లో నెగ్గి కూడా పేజీ ఇబ్బంది పెడుతుంటే రెండూ కలిసే చోట వెతకాలి. నాకు ఎదురైన చిక్కుల్లో ఎక్కువ అక్కడివే.

సమస్య: నమూనాలో చక్కగా ఉంది, అసలు పాఠం పెట్టగానే చెదిరిపోయింది

కారణం దాదాపు ఎప్పుడూ ‘లోరెమ్ ఇప్సమ్’. ప్రాచీన రోమన్ రచయిత సిసిరో క్రీ.పూ. 45లో రాసిన లాటిన్ రచనను ముక్కలు చేయగా వచ్చిన ఈ పూరక పాఠం 1960లలో లెట్రాసెట్ అక్షరాల రేకులతో ప్రచారంలోకి వచ్చింది. అర్థం లేని పాఠం కనుక ఎంత కావాలంటే అంతకు తెగుతుంది. మూడు పెట్టెల్లో సరిగ్గా మూడేసి వరుసలు కూర్చుంటాయి. అసలు వివరాలు వచ్చేసరికి ఒకదానికి నాలుగు మాటలు, ఇంకోదానికి ఏడు వరుసలు ఉంటాయి. పెట్టె ఎత్తు ముందే బిగించి ఉంటే ఏడో వరుస మాయమవుతుంది.

పరిష్కారం: డిజైన్ మొదలయ్యే రోజుకు చిత్తుప్రతి అయినా సరే, నిజమైన పాఠం చేతిలో ఉండాలి. ప్రతి పెట్టెనూ మూడు రకాలుగా పరీక్షించండి: అతి చిన్న పాఠం, అతి పెద్ద పాఠం, అసలేమీ లేని ఖాళీ. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు, నేనూ మరిచిపోయాను. ‘ఇంకా ఏమీ చేర్చలేదు’ అని చెప్పే ఒక్క వాక్యం లేక, తెల్లటి గడి చూసి పేజీ పాడైందనుకున్నవారు ఉన్నారు. పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్ అయిన సీఎస్ఎస్‌లో ‘హైట్’ బదులు ‘మిన్-హైట్’ వాడితే పాఠం పెరిగినా పెట్టె సాగుతుంది.

సమస్య: వత్తులు తెగుతున్నాయి, వరుసలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి

ఇంగ్లీషు పాఠానికి సరిపోయిన కొలతలను తెలుగుకు తొడిగితే వచ్చే జబ్బు ఇది. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రీయ’ వంటి మాటల్లో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. లైన్-హైట్ (అక్షర పరిమాణానికి వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే కొలత) 1.2 ఉన్న శీర్షికలో పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. బటన్ ఎత్తు బిగించి, బయటికి వచ్చినదాన్ని దాచమని చెబితే వత్తు సగానికి తెగుతుంది.

లైన్-హైట్‌ను పేరాలకు 1.6 నుంచి 1.8, శీర్షికలకు 1.4 దగ్గర మొదలుపెట్టి, వాడుతున్న ఫాంటును బట్టి సవరించండి. బటన్‌కు ఎత్తు చెప్పకుండా పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇవ్వండి. వరుస పొడవును ‘65 సీహెచ్’ అని వదిలేయడం కూడా పొరపాటే. సీహెచ్ అంటే ఆ ఫాంటులో సున్నా అంకె వెడల్పు. తెలుగు అక్షరాలు ఎక్కువగా అంతకంటే వెడల్పైనవి కనుక అనుకున్నదానికంటే తక్కువ పడతాయి. వరుసలో ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టి చూసుకోవాలి.

ఇంకో చిక్కు కంటికి వెంటనే కనబడదు. ఇంగ్లీషు డిజైన్లలో చిన్న సైజులో పెద్దక్షరాల (క్యాపిటల్స్) లేబుళ్లు, ఇటాలిక్ వాక్యాలు పేజీకి అంతస్తులు కడతాయి. మనకు పెద్దక్షరాలు లేవు. ఇటాలిక్ సంప్రదాయమూ లేదు, బ్రౌజర్ అక్షరాన్ని యాంత్రికంగా వంచుతుందంతే. ఆ లేబులే తెలుగులో 11 పిక్సెళ్లకు కుదిస్తే నలుసులా మిగులుతుంది. తెలుగు పేజీలో ప్రాధాన్యం చూపడానికి పరిమాణం, మందం, రంగు, ఖాళీ జాగా ఈ నాలుగే ఆధారం.

సమస్య: సమాచారం పేజీలోనే ఉంది, అయినా అదే అడుగుతున్నారు

వెబ్‌లో జనం ప్రతి మాటా చదవరని, పేజీని కళ్లతో జల్లెడ పడతారని వెబ్ వాడకంపై పరిశోధనలు చేసిన జాకబ్ నీల్సన్ 1997లోనే రాశారు. ఆయన సంస్థ 2006లో కంటి కదలికలను గమనించినప్పుడు చూపు తరచుగా ఇంగ్లీషు ‘ఎఫ్’ ఆకారంలో సాగింది: పైన రెండు అడ్డగీతలు, తర్వాత ఎడమ అంచు వెంట కిందికి. అంటే కింది పేరాల్లో మొదటి రెండు మూడు మాటలకే చూపు దక్కుతుంది.

తెలుగుకు ఇది మరింత ఇబ్బంది, మన వాక్యంలో అసలు సంగతి చివరికి వస్తుంది కనుక. ‘మీరు కొనుగోలు చేసిన వస్తువు మీకు నచ్చని పక్షంలో దానిని 30 రోజులలోగా వాపసు చేయవచ్చు’ అన్న వాక్యంలో ఎడమ అంచున దొరికేది ‘మీరు కొనుగోలు చేసిన’ మాత్రమే. ‘వాపసుకు గడువు 30 రోజులు’ అని శీర్షిక పెట్టి, షరతులు కింద రాయండి.

అప్పటికీ కనబడలేదంటే చాలామంది దాన్ని రంగు పెట్టెలో పెట్టి మెరిపిస్తారు. ప్రకటనలా కనిపించేదాన్ని కన్ను దాటేస్తుంది. పెట్టె తీసేసి మామూలు పాఠంలోకి తెస్తే చదువుతారు. ‘ఇక్కడ నొక్కండి’ అనే లింకులనూ అవి ఎక్కడికి తీసుకెళ్తాయో తెలిసేలా మార్చండి. స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారు లింకుల జాబితా తెరిస్తే పదిసార్లు అదే మాట వినిపిస్తుంది.

సమస్య: ఫొటో మీది అక్షరాలు కనబడడం లేదు

వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ఏఏ స్థాయి ప్రకారం మామూలు పాఠానికి 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్టు (అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా) ఉండాలి. ఫొటోలో ఒక మూల నీడ, మరో మూల మబ్బు. ఒకే రంగు అక్షరం రెండింటి మీదా నిలవదు. అక్షరాల వెనుక నిండు రంగు పట్టీ వేయండి, లేదా పాఠాన్ని ఫొటో కిందికి దించండి. చిత్రంలోనే అక్షరాలు కలిపేయడం పరిష్కారం కాదు, ఫోన్ తెరపై చిత్రంతో పాటు అవీ కుంచించుకుపోతాయి.

సమస్య: చదువుతుండగా పాఠం కిందికి జారుతోంది

చిత్రం ఆలస్యంగా వచ్చి జాగా చేసుకుంటోంది. చిత్రాలకు వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే రాయండి. గూగుల్ కొలమానంలో ఈ కుదుపు, అంటే సీఎల్ఎస్, 0.1కి మించకూడదు.

సమస్య: పేజీ పొడవైపోయింది

ఇక్కడ రాతదే తప్పని అందరూ తేల్చేస్తారు, ఆపైన తిరిగే చిత్రాల వరుసలోనో నొక్కితే తెరుచుకునే మడతల్లోనో సగం దాచేస్తారు. నోటర్ డామ్ విశ్వవిద్యాలయం సైటులో అలా తిరిగే వరుసపై నొక్కినవారు దాదాపు ఒక శాతమేనని 2013లో వెల్లడైన లెక్క. అందులోనూ అత్యధికం మొదటి చిత్రం మీదే.

దాచే ముందు కోయండి. ఒకే సంగతి రెండుచోట్ల ఉంటే ఒకటి తీసేయండి. స్వాగత వాక్యాలు పోయినా ఎవరూ అడగరు. మిగిలినదాన్ని మడతల్లో పెట్టి నెల రోజులు లెక్క చూడండి. ఎక్కువమంది తెరుస్తున్న మడతను విప్పి బయట పెట్టాలి, ఎవరూ తెరవనిదాన్ని వేరే పేజీకి పంపాలి. ముద్రణ కోసం రాసే సీఎస్ఎస్‌లో మాత్రం మడతలన్నీ తెరిచే ఉంచండి, కాగితం మీద వాటిని నొక్కలేరు కదా.