కాన్‌స్టాంటైన్ కాలపు చిన్న కంచు నాణేలు: చదవడం, కడగడం, దాచడం

రోమన్ నాణేలు కొందామనుకునేవాళ్ల కన్ను ముందు సెస్టెర్షియస్ అనే పెద్ద నాణేల మీదే పడుతుంది. చూడ్డానికి బాగుంటాయి నిజమే, కానీ అరిగిన బొమ్మను మళ్లీ చెక్కి అమ్మేవీ, పోతపోసిన నకిలీలూ వాటిలోనే ఎక్కువ. అందుకే మొదట క్రీ.శ. 330-341 మధ్య కొట్టిన చిన్న కంచు నాణేలతో మొదలుపెట్టండి. వీటిని విపరీతంగా ముద్రించారు కాబట్టి ఇప్పటికీ చవకే. పైగా ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అన్నది నాణెం మీదే తెలుస్తుంది.

వాటిలో బాగా దొరికేది 'గ్లోరియా ఎక్సెర్సిటస్' (సైన్యపు కీర్తి) రకం. బొరుసు మీద ఇద్దరు సైనికులు, వాళ్ల మధ్య సైనిక ధ్వజాలు. రెండు ధ్వజాలుంటే 330-335, ఒక్కటే ఉంటే 335 తర్వాతిది. ఆ ఏడాది నాణెం బరువు తగ్గించారు: సుమారు రెండున్నర గ్రాముల నుంచి ఒకటిన్నరకి. కనుక 0.01 గ్రాము దాకా తూచే చిన్న కాటా కొనుక్కోండి. ధ్వజాలు అరిగి కనబడకపోయినా తూకం దారి చూపిస్తుంది.

బొమ్మ వైపు ముఖాన్ని చూసి ఎవరో తేల్చకండి. తండ్రీకొడుకులంతా ఒకేలా ఉంటారు. 'కాన్‌స్టాంటినస్ మాక్స్ ఆగ్' అని ఉంటే తండ్రి, అంటే మొదటి కాన్‌స్టాంటైన్ చక్రవర్తి; 'కాన్‌స్టాంటినస్ ఇయున్ నోబ్ సి' అని ఉంటే కొడుకు రెండో కాన్‌స్టాంటైన్. అక్షరాలు పోతే తల చూడండి. ఈ రకంలో తండ్రికి సాధారణంగా రత్నాల పట్టీ ఉంటుంది, సీజర్ (ఉప చక్రవర్తి) హోదాలో ఉన్న కొడుకులకు ఆకుల దండ. 337లో తండ్రి చనిపోయాక కొడుకులూ ఆగస్టస్‌లు, అంటే పూర్తి చక్రవర్తులయ్యారు, కాబట్టి ఒక ధ్వజం రకంలో ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

బొరుసు అడుగున గీత కింద ఉండేది టంకశాల గుర్తు. 'ఎస్ ఎం ఏ ఎన్' అంటే ఆంటియోక్, 'ఎస్ ఎం కే' అంటే సైజికస్, 'టీ ఆర్' అంటే ట్రియర్. పక్కనే ఉండే ఇంకో అక్షరం ఆ టంకశాలలో ఏ కార్ఖానాదో చెబుతుంది: తూర్పున గ్రీకు ఆల్ఫా, బీటా, పడమట ప్రిమాకి (మొదటిది) 'పీ', సెకుండాకి (రెండోది) 'ఎస్'. కొత్తవాళ్లు తప్పకుండా బోల్తాపడే చోటు ఒకటుంది. 'పీ కాన్‌స్ట్' అని చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అనేస్తారు. అది ఫ్రాన్స్‌లోని ఆర్ల్. ఆ ఊరికి చక్రవర్తి కుటుంబం మీదుగా కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు. అక్షరం ముందుంటే ఆర్ల్, 'కాన్స్' తర్వాత గ్రీకు అక్షరం వస్తే కాన్‌స్టాంటినోపుల్. చదివినదాన్ని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఉచిత డేటాబేస్ 'ఓక్రే'లో సరిచూసుకోండి.

కొనేటప్పుడు అంచు చుట్టూ తిప్పి చూడండి. సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత బుడగల గుంటలు కనిపిస్తే అది పోత నాణెం. అసలువి అచ్చుల మధ్య సుత్తితో కొట్టినవి. పాత రశీదు ఉన్నవే తీసుకోండి. మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అనుమతి లేకుండా విదేశాలకు పంపకూడదు. పొలంలో పది రూపాయలకు మించి విలువైన నిధి బయటపడితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. తెలుగు నేల మీద దొరికిన రోమన్ నాణేలు ఎక్కువగా వెండి, బంగారువే. ఇలాంటి చిల్లర కంచువి తమిళనాడు, శ్రీలంకల్లో దొరికాయి.

ఇక కడగడం. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పొడి దగ్గరికి రానివ్వకండి. పులుపు తగిలితే నిగనిగలాడే నల్లటి, ఆకుపచ్చటి పై పొర కరిగిపోతుంది. బొమ్మ గీతలు మిగిలి ఉండేది ఆ పొరలోనే, కింద లోహం గుల్లబారి ఉంటుంది. బోరు నీళ్లూ వద్దు, వాటిలోని ఉప్పే కింద చెప్పబోయే కంచు రోగం తెస్తుంది. గాజు గిన్నెలో డిస్టిల్డ్ నీళ్లు పోసి నాణెం వేయండి. రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. రెండు మూడు వారాలు పడుతుంది. మిగిలిన మట్టిని 10 రెట్ల భూతద్దం కింద వెదురు పుల్లతోనో తుమ్మ ముల్లుతోనో, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చదును నుంచి బొమ్మ వైపుకి కాకుండా గీతల వెంబడే తీయండి. ఎర్రటి రాగి రంగు చుక్క కనబడిందంటే పొర దాటిపోయారు, ఆపేయండి.

లేత ఆకుపచ్చ పొడి సూదితో గీకితే రాలి, వారంలో మళ్లీ పుట్టుకొస్తే అది కంచు రోగం. లోపలి క్లోరైడు తేమతో కలిసి ఆమ్లమై లోహాన్ని తినేస్తుంటుంది. గట్టిగా, ముదురుగా ఉన్న చిలుముతో భయం లేదు. రోగం ఉన్నదాన్ని వేరు చేసి, పొడి గీకేసి, లీటరు డిస్టిల్డ్ నీళ్లలో పొడి చాకలి సోడా, వంట సోడా చెరో 25 గ్రాములు కలిపిన ద్రావణంలో వేయండి. వారానికోసారి మార్చుతూ నెలా రెండు నెలలు ఉంచాలి. రంగు కొంచెం మారొచ్చు, అది తప్పదు. తర్వాత మామూలు డిస్టిల్డ్ నీళ్లలో వారం నానబెట్టి బాగా ఆరబెట్టండి.

మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటి రసాయనం జిగురై నాణేన్ని పట్టేస్తుంది. పాలిస్టర్ కవర్లో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది తప్పనిసరి. డబ్బాలో చిన్న తేమ మీటరు పెట్టండి. 40 శాతం దాటితే, సిలికా జెల్ రంగు మారేదాకా ఎదురుచూడకుండా వెంటనే దాన్ని వేడిచేసి మళ్లీ వాడండి. ప్రతి కవర్ మీద చక్రవర్తి, టంకశాల, తూకం, కొన్న చోటు, తేదీ పెన్సిల్‌తో రాసిన కాగితం ఉంచండి.